సముద్రం కనపడని వీధి

మా అత్తగారు పుట్టి పెరిగిన వీధి ఇప్పుడు సముద్రంలో ఉంది. ఉప్పాడలో సముద్రం ఊరిని కోసుకుంటూ వస్తోందని అందరికీ తెలిసిన విషయమే. ప్రతి తుపానుకీ టీవీవాళ్ళు వచ్చి, రోడ్డు మీదికి ఎగిరిపడే అలల్ని చూపించి వెళ్తారు. ఆవిడ వీధి పోయినప్పుడు మాత్రం ఎవరూ రాలేదు. ఒక వానాకాలం గోడలు పోయాయి, ఇంకో వానాకాలం పునాదులు పోయాయి. ఆ వీధికి ఒక్క ఫొటో కూడా లేదు. అది ఎక్కడైనా మిగిలి ఉందంటే ఆవిడ తలలోనే. మామగారు పోయాక ఆ తలని, రెండు ట్రంకు పెట్టెల్ని తీసుకుని మండపేట వచ్చి, ఆవిడ మా దగ్గరే ఉంటున్నారు.

నేను రైస్ మిల్లులో కాటా గుమాస్తాని. ధాన్యం లారీ వచ్చి కాటా మీద నిలబడితే తూకం చూసి చీటీ రాసివ్వడం నా పని. లారీకీ లారీకీ మధ్య చదువుకుంటాను. బడిలో నా చదువు పదో తరగతితో ఆగింది, ఆ తర్వాతదంతా శాఖా గ్రంథాలయంలోనే. కథలు, నవలలు అయ్యాక చరిత్ర, అది అయ్యాక ఖగోళం, అదీ అయ్యాక పశువుల రోగాల మీద ఉన్న లావుపాటి పుస్తకం కూడా వదల్లేదు. ఏ బీరువాలో ఏ అరలో ఏ పుస్తకం ఉందో లైబ్రేరియన్ గారు నన్నే అడుగుతారు. గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్పే అనుకోండి, పోనీ. దీనివల్ల నాకొక రోగం పట్టుకుంది. ఎవరైనా ఏదైనా అడిగితే తెలియదని చెప్పడం నాకు చేతకాదు.

ఆ వీడియోల యాప్ మా మిల్లు అకౌంటెంటు ద్వారా నా ఫోనులోకి వచ్చింది. ఆయన ఏనుగు మీద కూర్చుని కోటిపల్లి రేవులో ఊరేగుతున్నట్టు ఒక చిన్న వీడియో చేసి అందరికీ పంపాడు. ఆయన జన్మలో ఏనుగు దగ్గరికి వెళ్ళిన మనిషి కాదు. ఎలా చేశారండీ అంటే, మనకి కావలసింది తెలుగులో రాస్తే చాలు, ఏఐ బొమ్మ కట్టి ఇచ్చేస్తుందన్నాడు. రాస్తే చాలు అన్న మాట నన్ను పట్టుకుంది. రాయడం నాకు రాదా?

ముందు మా మిల్లునే రాసి చూశాను. ధాన్యం బస్తాలు, ఊక పొగ, కాటా మీద లారీ అని నిండైన వాక్యాల్లో, కామాలతో సహా రాశాను. తెర మీద చక్రం తిరిగి తిరిగి ఎనిమిది సెకన్ల వీడియో వచ్చింది. గోధుమ చేను, ఎర్రటి లారీ, దాని మీద తెలుగు అక్షరాల్లాంటివి ఏవో. దూరం నుంచి చూస్తే తెలుగే. దగ్గరికి తెచ్చుకుని చదవబోతే ఒక్క అక్షరమూ అక్షరం కాదు. అయినా మనసు అక్కడే ఉండిపోయింది. ఇంకోలా రాస్తే ఇంకోలా వస్తుందేమో! ఆ వారం కాటా బల్ల మీద పుస్తకం అదే పేజీ దగ్గర తెరుచుకుని ఉంది. లారీ డ్రైవర్లు హారన్ కొట్టి లేపాల్సి వచ్చేది. లైబ్రరీకి వెళ్ళి కూర్చున్నా చెయ్యి జేబులోకే పోయేది.

ఒక ఆదివారం పొద్దున్న అరుగు మీద కూర్చుని అలా చక్రం తిరగడం చూస్తుంటే మా అత్తగారు పక్కకి వచ్చారు. చేతిలో చింతపండు చేట ఉంది.

"ఏంటి బాబూ, అస్తమానం దాన్ని అలా బతిమాలుతుంటారు?"

చెప్పాను. ఆవిడ చింతపండులో గింజ తీసి పక్కన పెట్టి, ఇంకో గింజ తీసి, అప్పుడడిగారు.

"పోయినవి కూడా చూపిస్తుందా?"

చూపించదు అని ఉంటే సరిపోయేది. "మీరు చెప్పండి, నేను రాస్తాను, అది చూపిస్తుంది" అన్నాను.

"ఆయ్," అన్నారావిడ, అదేదో మామూలు విషయమైనట్టు. కానీ చేట కింద పెట్టేశారు.

అలా మొదలైంది. రోజూ పొద్దున్న నేను మిల్లుకి వెళ్ళేలోపు ఆవిడ వీధి చెప్పేవారు. అది నేతవాళ్ళ వీధి. రెండు వరసల ఇళ్ళు, గుమ్మాలు ఎదురూ బొదురూ. సముద్రం వైపున్న వరసలో ఏ ఇంటికీ వెనక గోడకి ఒక్క కిటికీ కూడా లేదు.

"సముద్రం పక్కనే ఉండి కిటికీ పెట్టుకోలేదాండీ?" అన్నాను.

"పెట్టుకుంటే పడుగు ఏమైపోవాలి బాబూ?"

పడుగంటే చీరకి నిలువు దారాలు. మగ్గం ఎక్కించే ముందు ఆ దారాలన్నీ వీధి పొడవునా సాగదీసి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. అందుకు ఇల్లు చాలదు, వీధి కావాలి. తెల్లవారకుండా మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించాలి. ఆ వేళ గాలి గట్టిగా వీచిందా, తడి దారాలు ఒకదానికొకటి చుట్టుకుని పీచైపోతాయి. అందుకని సముద్రం వైపు వరసంతా కలిసి ఒక గోడలా నిలబడేది. సముద్రానికి అంత దగ్గరలో ఉండి సముద్రం కనపడని వీధి అది.

"మరి చప్పుడు?"

"ఉండేది. ఎప్పుడూ ఉండేది వినపడదు కదండీ."

పడుగు కట్టి ఉన్నంతసేపూ వీధి వీధి కాదు. అందరూ అరుగుల వెంట పోవాల్సిందే. పోస్టుమేన్ సైకిలు వీధి మొదట్లో పెట్టి నడిచి వచ్చేవాడు. పడుగుని దాటకూడదు, దాని కింద దూరకూడదు. ఒకసారి మెట్ట ప్రాంతం నుంచి ఒక కొత్త అల్లుడు, పాపం, పొద్దున్నే చెంబు పట్టుకుని బయల్దేరాడు. చీకట్లో తెల్లటి దారాలు చూసి, వంగి కింద నుంచి దూరబోతే చేతి గడియారం తగులుకుంది. గాభరాపడి చెయ్యి లాగాడు. ఇంకేముంది, చేతికి అందినన్ని పోగులు తెగిపోయాయి. ఆయనకి మనవలు పుట్టాక కూడా వీధిలో ఆయన పేరు పడుగు తెంపిన అల్లుడే.

ఆ కథ చెప్పి ఆవిడ చాలాసేపు నవ్వారు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "అమ్మ ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందండీ!" అంది. దాంతో నాకు ఇంకా తొందర పుట్టింది.

యాప్‌లో అంతా పూసగుచ్చినట్టు రాశాను. మొదట పెంకుటిళ్ళు, కొబ్బరిచెట్లు, వాటి వెనకాల నీలంగా మెరిసిపోయే సముద్రం వచ్చాయి. సముద్రం వద్దు అని రాశాను. సముద్రం ఇంకా దగ్గరికొచ్చింది. సముద్రం కనపడకూడదు అని రాస్తే ఇళ్ళ మధ్యలోంచి కెరటమే వచ్చింది. పడుగు అని రాస్తే తాడు మీద ఆరేసిన చీరలు వచ్చాయి. తెల్లటి దారాలు అంటే చేపల వలలు, వీధి పొడవునా దారాలు అంటే పరుగు పందెంలో చివర కట్టే రిబ్బను. అది ఇచ్చేది ఒకటి, నాకు కావలసింది ఇంకొకటి. మిల్లులో ఒక లారీ తూకం తప్పు రాసి యజమాని చేత మాట పడ్డాను. ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా ఏ పదం మారిస్తే సముద్రం పోతుందా అని ఆలోచిస్తుంటే, "కంచంలో ఏముందో చెప్పండి చూద్దాం" అంది మా ఆవిడ. చెప్పలేకపోయాను.

చివరికి ఒకటి వచ్చింది. పొద్దుటి ఎండ, రెండు వరసల ఇళ్ళు, మధ్యలో నిజంగానే సాగదీసిన దారాలు, వాటి పక్కన పరుగెత్తుతున్న రెండు జడల పిల్ల. అన్నీ కుదిరాయి. వీధి చివర మాత్రం, తలుపు తీసిపెట్టినట్టు, సముద్రం. ఎంత వద్దన్నా పోలేదు. నాకూ ఓపిక పోయింది. ఎనిమిది సెకన్లలో ఆ మూల ఎవరు చూస్తారులే అనుకుని తీసుకెళ్ళి చూపించాను.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని చూశారు. మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ పెట్టాను.

"ఆ పిల్ల ఎవరు?"

"ఎవరూ కాదండి. అదే ఊరికే పెట్టింది."

"మా చెల్లెలిలా ఉంది," అన్నారు. ఆ మాటతో ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు మా మిల్లు పొగగొట్టం ఎక్కి నిలబడినంత గొప్పగా అనిపించింది.

అప్పట్నుంచి రోజుకోసారి అడిగేవారు. తర్వాత పూటకోసారి. నేను మిల్లులో ఉంటే మా ఆవిడ ఫోనులోకి పంపించమనేవారు. నేనూ సంబరంగా పంపించేవాణ్ణి.

ఒక సాయంత్రం నేను సైకిలు స్టాండు వేస్తున్నాను. ఆవిడ అరుగు మీద పక్కింటావిడతో మాట్లాడుతున్నారు.

"మా అరుగు మీద కూర్చుంటే సముద్రం ఇలా ఎదురుగా కనపడేదండి. పొద్దున్నే ఎంత బాగుండేదో."

నేను స్టాండు సగంలో వదిలేశాను. సైకిలు పడిపోయింది.

"అత్తయ్యగారూ, ఏ అరుగండీ?"

"మా అరుగే బాబూ. వీధి చివర కనపడదూ? మీకూ చూపించాను కదా."

నాకు చూపించాను అన్నారు. నేను చూపించింది, ఆవిడ చూపించింది అయిపోయింది. ఆ రోజు నుంచి చెవులు రిక్కించుకుని వినడం మొదలుపెట్టాను. గుమ్మం ముందు కొబ్బరిచెట్టు ఉండేదన్నారు. ముందు చెప్పినప్పుడు వీధిలో చెట్టు అన్నదే లేదు, ఆకు రాలితే గంజిలో పడుతుందని ఉంచేవారు కాదని చెప్పిన మనిషి. పడుగు గురించి అడిగితే, "ఆఁ, దారాలు ఉండేవి, పిల్లలం పక్కన పరుగెత్తేవాళ్ళం" అన్నారు. పడుగు పక్కన పరుగెత్తితే వీపు మీద కుంచె విరిగేదని నెల కిందట చెప్పింది కూడా ఆవిడే.

ఆ వీధి ఉన్నది ఒక్కచోట. అక్కడికి నేనే సముద్రాన్ని తీసుకెళ్ళి వదిలాను.

ఇలాంటప్పుడు నేను వెళ్ళేది ఒక్క చోటికే. లైబ్రరీలో జిల్లా చరిత్ర తీశాను, చేనేత మీద ఉన్నవి తీశాను. ఉప్పాడ ఉంది, చీరలున్నాయి, కోతకి గురైన తీరం ఉంది. కిటికీ లేని గోడలు లేవు. పడుగు తెంపిన అల్లుడు లేడు. జ్ఞాపకం అనేది తీసి చూసిన ప్రతిసారీ కొంచెం మారి లోపలికి వెళ్తుందని ఎప్పుడో ఇక్కడే ఒక మనస్తత్వ శాస్త్రం పుస్తకంలో చదివి, భలే అనుకుని తల ఊపాను. చదవడం వేరు, మన ఇంట్లో పూటకోసారి ఫోను తీసి జరిపించడం వేరు. బీరువాల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటే లైబ్రేరియన్ గారు, "ఏదైనా పోగొట్టుకున్నారా?" అన్నారు. అవునండీ అన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిణ్ణి అడిగాను. "నీకేమైనా గుర్తుందా ఆ వీధి?"

"నేను పుట్టేసరికే మా వాళ్ళు ఊళ్ళోకి మారిపోయారండీ. ఎన్ని బీరువాలు వెతికారు పాపం! పిన్ని ఉంది కదా, పిన్నిని అడగొచ్చుగా?"

అత్తగారి చెల్లెలు ఇప్పటికీ ఉప్పాడలోనే, ఊరికి లోపలగా కట్టిన కాలనీలో ఉంటారు. చూపు తగ్గి మగ్గం మానేసినా నేతవాళ్ళకి దారం కండెలు చుట్టి ఇస్తుంటారు. ఆ వీధిలో పుట్టినవాళ్ళలో మాకు తెలిసి మిగిలింది ఆవిడొక్కరే.

ఆ ఆదివారమే ముగ్గురం బయల్దేరాం. రామచంద్రపురం మీదుగా కాకినాడ, అక్కణ్ణుంచి ఇంకో బస్సు. దారంతా నాకు కుదురు లేదు. ఆ వీడియో చిన్నత్తగారికి కూడా నచ్చేస్తే? ఆవిడకీ కళ్ళల్లో నీళ్ళు తిరిగి, ఔనే అక్కా, సముద్రం కనపడేది అనేస్తే? అప్పుడిక అడగడానికి మనిషి ఉండదు. ముందు ఆవిడ చేత వీధి చెప్పించాలి, ఆ తర్వాతే ఫోను బయటికి తియ్యాలి అని మనసులో వరస కట్టుకున్నాను. మా ఆవిడకి కూడా చెప్పాను. అత్తగారికి చెప్పడం మాత్రం కుదరలేదు. ఏమని చెప్తాం?

గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే అత్తగారు కూతురి చేతిలోంచి ఫోను తీసుకున్నారు. "ఏమే, నీకొకటి చూపించాలి, రా."

నా వరస అక్కడితో సరి.

చిన్నత్తగారు ఫోను కళ్ళకి ఆనించుకున్నట్టు పెట్టుకుని చూశారు. ఎనిమిది సెకన్లు అయిపోయాయి.

"ఏ సినిమానే అక్కా?"

"సినిమా ఏంటే? మన వీధి."

"నీ మొహం."

"సరిగ్గా చూడవే. ఆ పిల్లవి నువ్వే."

"నాకెప్పుడే రెండు జడలు? పేలని అమ్మ గుండు కొట్టించేది కదా ఏడాదికోసారి! అదేంటది చివర నీలంగా?"

"సముద్రం."

చిన్నత్తగారు ఫోను నా చేతిలో పెట్టేశారు, వేడి గిన్నె పెట్టినట్టు. "సముద్రం కనపడితే పడుగు నిలుస్తుందటే? జడలు కట్టెయ్యదూ?"

"కనపడేది," అన్నారు అత్తగారు మొండిగా. "చివర కనపడేది. పొద్దున్నే మెరిసేది."

చిన్నత్తగారు అక్క మొహంలోకి వంగి చూశారు. కోపం పోయి, భయం లాంటిది వచ్చిందావిడ గొంతులోకి.

"అక్కా, చివర ఎవరి ఇల్లే?"

అత్తగారు నా చేతిలోని ఫోను వైపు చూశారు.

"వీధి చివర. గంజి డేగిశా పెట్టేవాళ్ళం చూడు, ఆ ఇల్లు."

అత్తగారి కుడిచెయ్యి కదిలింది. గాలిలో కుంచె పట్టుకున్నట్టు వేళ్ళు ముడుచుకుని, ఒకసారి ముందుకి వెళ్ళి వెనక్కి వచ్చింది. ఇంకోసారి వెళ్ళింది. మూడోసారి ఆగింది, ఏదో తగిలినట్టు.

"నత్తిమావయ్యది," అన్నారు.

"ఎలా ఉండేదే ఆ ఇల్లు?"

"అడ్డంగా." ఆవిడ ఇంకా చేతినే చూసుకుంటున్నారు. "వీధికి అడ్డంగా కట్టుకున్నాడు. అందరూ తిట్టారు. తర్వాత గాలి రావట్లేదని అందరూ మెచ్చుకున్నారు."

"మరి ఆ ఇల్లు అడ్డముంటే సముద్రం ఎలా కనపడుద్దే, పిచ్చిమొహమా?"

అత్తగారు తలెత్తారు. "అయితే సముద్రం ఎక్కడుండేదే?"

చిన్నత్తగారు చెయ్యెత్తి అక్క వీపు మీద ఒక్కటి చరిచారు. "ఇదిగో, ఇక్కడ, మన వెనక."

ఇద్దరూ నవ్వారు. తర్వాత అత్తగారు ఏడ్చారు. మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చింది.

అక్కణ్ణుంచి వాళ్ళిద్దరూ వీధిలోకి వెళ్ళిపోయారు. నత్తిమావయ్య ఇంటి నుంచి వెనక్కి, ఇంటి తర్వాత ఇల్లు, పోట్లాడుకుంటూ. ఎవరి అరుగు పగిలింది, ఎవరి గుమ్మం వంకర. బావి ఏ వైపన్నది మాత్రం తేల్లేదు. అత్తగారు ఎడమ అన్నారు, చెల్లెలు కుడి అన్నారు, భోజనాల దాకా తగువే. నేను పక్కన కూర్చుని వింటున్నాను. సిగ్గు లేకుండా చెయ్యి జేబులోకి పోయింది. అడ్డంగా ఒక ఇల్లు అని రాస్తే సముద్రం పోతుందేమో కదా!

చిన్నత్తగారికి చూపు తగ్గినా అది మాత్రం కనపడింది. "లోపల పెట్టండి బాబూ దాన్ని."

"ఆయన అంతేనే," అన్నారు అత్తగారు. "మనకి మళ్ళీ దొరికాడు, పడుగు తెంపిన అల్లుడు."

మా ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను, కాని ఒక మాట అడక్కుండా ఉండలేకపోయాను. "తెగిపోతే ఏం చేసేవారండీ?"

"ఏముంది, కూర్చుని ఒక్కో పోగూ అతుక్కోవడమే," అన్నారు చిన్నత్తగారు. "తెంపినవాణ్ణి మాత్రం కదలనిచ్చేవాళ్ళం కాదు. అయ్యేదాకా పక్కన కూర్చోవాల్సిందే."

కూర్చున్నాను. కదలకుండా కూర్చోవడం ఈమధ్య నాకు ఎంత కష్టమైందో అప్పుడు తెలిసింది.

తిరుగు బస్సులో వీడియో తీసేస్తానన్నాను. అత్తగారు ఒప్పుకోలేదు. "ఉండనివ్వండి, పిల్ల బాగుంది. నేను అడిగినా ఇవ్వకండి, అంతే." బీచి రోడ్డు మీద కిటికీ నిండా సముద్రం. ఆవిడ కాసేపు చూసి, "మీరిటు రండి బాబూ" అని నన్ను కిటికీ పక్కకి జరిపి, తను లోపలి వైపు కూర్చున్నారు.

ఆవిడ సంగతి సరే. నా సంగతి నాకు తెలియడం లేదు. ఆ వీధిని నేనెప్పుడూ చూడలేదు. కళ్ళు మూసుకుని చూడబోతే ఇప్పటికీ ఆ ఎనిమిది సెకన్లే వస్తాయి, చివర నీలంగా మెరుస్తూ. అక్కడ నత్తిమావయ్య ఇంటిని అడ్డం పెడదామని చూస్తాను. గోడ లేస్తుంది, కాసేపు నిలబడుతుంది, దాని వెనక మళ్ళీ మెరుపు. కాటా మీద లారీ ఉన్నా అదే ధ్యాస.

వీడియో అడిగినా ఇవ్వకండని ఆవిడే చెప్పినా, అడుగుతూనే ఉంటారు. మర్చిపోతారో, ఆగలేకపోతారో. అప్పుడు నేను ఫోను తియ్యను. అరుగు మీద ఆవిడ పక్కన కూర్చుని, "చివర ఎవరి ఇల్లండీ?" అంటాను. ఆవిడ చెయ్యి ముడుచుకుని గాలిలో ముందుకీ వెనక్కీ కదులుతుంది. నేను ఆ చేతినే చూస్తూ కూర్చుంటాను. ఇప్పటివరకూ, ప్రతిసారీ, అది ఒకచోట తగిలి ఆగుతోంది.